గోడకు గ్యాస్ గీజర్ బిగిస్తున్నారా? బాత్‌రూమ్ లోపల మాత్రం వద్దు

రెండో షిఫ్టు దిగి రాత్రి పొద్దుపోయాక ఇల్లు చేరిన మనిషికి ముందుగా కావాల్సింది వేడినీళ్లు. బొగ్గు దుమ్ము చన్నీళ్లకు వదలదు. గోదావరిఖనిలో ఒకప్పుడు బొగ్గు పొయ్యి మీద కాగు పెట్టేవారు. తర్వాత హీటర్ రాడ్, కరెంటు గీజర్ వచ్చాయి. ఇప్పుడు చాలామంది గోడకు తగిలించే గ్యాస్ గీజర్ వైపు చూస్తున్నారు. నల్లా తిప్పగానే వేడినీళ్లు వస్తాయి, కరెంటు లేకున్నా పనిచేస్తుంది. బిగించడం కూడా ఒక పూట పనే. దాన్ని ఎక్కడ బిగిస్తున్నారన్నదే అసలు ప్రశ్న.

విదేశాల్లో ఇంట్లోనే ఉంటుంది కదా?

ఉంటుంది, కానీ అది వేరే యంత్రం. బ్రిటన్ లాంటి చలి దేశాల్లో గోడకు బిగించే గ్యాస్ బాయిలర్ స్నానానికి వేడినీళ్లు ఇస్తుంది, రేడియేటర్ల ద్వారా గదులనూ వేడి చేస్తుంది. అక్కడి ఆధునిక బాయిలర్‌లో మంట మూసిన పెట్టెలో మండుతుంది. మంటకు కావాల్సిన గాలి గొట్టం ద్వారా బయటి నుంచి వస్తుంది, కాలిన వాయువులు గొట్టం ద్వారానే బయటకు పోతాయి. గదిలోని గాలితో దానికి పని లేదు. పైగా అక్కడ గ్యాస్ పరికరాలు బిగించే మనిషి గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో నమోదై ఉండాలని చట్టం.

రామగుండం ఎండల్లో గదులు వేడి చేసుకునే అవసరం మనకు లేదు. మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యేది చిన్న గ్యాస్ గీజర్. ఇది గదిలోని గాలినే పీల్చి మండుతుంది. పొగగొట్టం లేని రకమైతే కాలిన వాయువును అదే గదిలోకి వదులుతుంది. చూడటానికి రెండూ గోడకు వేలాడే తెల్ల డబ్బాలే కాబట్టి పొరపాటు పడటం తేలిక.

పది నిమిషాల్లో ఏం జరుగుతుంది?

నిమిషానికి 6 లీటర్ల గీజర్ పూర్తి మంటతో మండితే గంటకు దాదాపు కిలో గ్యాస్ ఖర్చవుతుంది. కిలో ఎల్‌పీజీ పూర్తిగా కాలాలంటే సుమారు 13 ఘనపు మీటర్ల గాలి కావాలి. 5 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు, 9 అడుగుల ఎత్తున్న బాత్‌రూమ్‌లో మొత్తం గాలి 8 ఘనపు మీటర్లు కూడా ఉండదు. తలుపు, కిటికీ మూసి పది నిమిషాలు స్నానం చేస్తే ఆ గాలిలో నాలుగో వంతుకు పైగా మంటకే పోతుంది. లోపలున్న మనిషి పీల్చేదీ ఆ గాలినే.

ఆక్సిజన్ తగ్గేకొద్దీ మంట సరిగా కాలదు. అప్పుడు పుట్టేది కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. సిలిండర్ లీకైతే వచ్చే ఘాటు వాసన గ్యాస్‌లో కావాలని కలిపింది. కాలిన తర్వాత ఆ వాసన మిగలదు కాబట్టి ముక్కును నమ్ముకుని లాభం లేదు. ఈ వాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చినట్టుండటం, తర్వాత కాళ్లలో సత్తువ పోవడం. గడియ తీద్దామనుకునేసరికి చెయ్యి లేవదు. బాత్‌రూమ్‌లో పడిపోయినవారికి ఫిట్స్ వచ్చిందనో, గుండెపోటనో ఇంట్లోవాళ్లు అనుకున్న సందర్భాలను మన దేశపు నరాల వైద్యులే నమోదు చేశారు. ‘గ్యాస్ గీజర్ సిండ్రోమ్’ అన్న పేరు అలా వచ్చింది.

ఈ వాయువు గురించి గోదావరిఖనికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. బొగ్గు తనంతట తానే వేడెక్కి రాజుకునే గనుల్లో మొదట కనిపెట్టేది కార్బన్ మోనాక్సైడ్‌నే. గనిలో అది 10 లక్షల పాళ్ల గాలిలో 50 పాళ్లు దాటకూడదు. భూగర్భ గనిలో దిగే కార్మికుడి నడుముకు సెల్ఫ్ రెస్క్యూయర్ ఉండేది అందుకే. రామగుండంలో సింగరేణికి మైన్స్ రెస్క్యూ స్టేషనే ఉంది. ఎనిమిదో ఇంక్లైన్ పేరు మీద యైటింక్లైన్ కాలనీ వెలిసిన ఊరు మనది. గనిలో ఇంత కొలిచి చూసే వాయువును ఇంట్లో బాత్‌రూమ్ గోడకు తగిలించుకోవడం ఏం లెక్క?

ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే చాలదా?

షాపులో తరచూ వినిపించే మాట ఇది. ఫ్యాన్ గాలిని బయటకు లాగాలంటే లోపలికి గాలి వచ్చే దారి కూడా ఉండాలి. తలుపు కింద సందు కూడా లేకుండా బిగించిన బాత్‌రూమ్‌లో ఫ్యాన్ తిరుగుతుంది తప్ప గాలి పెద్దగా మారదు. పొగగొట్టం ఉన్న గీజరైతే ఫ్యాన్ లాగుడుకు పొగ వెనక్కి లోపలికే రావచ్చు. ఇంకో సంగతి: గీజర్ వెలిగేది బ్యాటరీ సెల్స్‌తో. కరెంటు పోతే ఫ్యాన్ ఆగుతుంది, మంట ఆగదు.

మరి ఎక్కడ బిగించాలి?

బాత్‌రూమ్ గోడకు అవతల, గాలి ఆడే చోట. వరండా గానీ, వాన పడకుండా పైన రేకు ఉన్న వెనక వసారా గానీ మంచిది. వేడినీటి పైపు ఒక్కటే గోడలోంచి లోపలికి రావాలి. మూసేసిన డక్టులో పెట్టొద్దు. పొగ బయటకు పోయే చోటు పక్కింటి కిటికీ కింద ఉండకూడదు. అద్దె ఇల్లయితే ఓనర్‌తో, కంపెనీ క్వార్టర్ అయితే ఏరియా సివిల్ విభాగంతో మాట్లాడాకే గోడకు రంధ్రం పెట్టించండి. బయట చోటు లేకపోతే గ్యాస్ గీజర్ మాట మరచిపోవడమే మేలు. సగం సగం ఏర్పాటుతో దీన్ని నడపలేం.

కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు, దాని పక్కన ఐఎస్ 15558 నంబరు చూడండి. ఎల్‌పీజీతో నడిచే చిన్న వాటర్ హీటర్లకు భారత ప్రమాణం అదే. పైన ట్యాంకు మరీ దగ్గరగా ఉంటే నీటి ఒత్తిడి చాలక గీజర్ వెలగదు. ఎంత ఒత్తిడి కావాలో డబ్బా మీద రాసి ఉంటుంది, ఒంటి అంతస్తు ఇళ్లవాళ్లు అది చదివి కొనాలి. వేడినీటికి మామూలు పీవీసీ పైపు పనికిరాదు, సీపీవీసీ వేయించండి.

సిలిండర్ నిలువుగా, గాలి తగిలే చోట ఉండాలి. ఎల్‌పీజీ గాలికన్నా బరువు కాబట్టి లీకైతే నేల మీద పేరుకుంటుంది, గుంటల్లోకి దిగుతుంది. పొయ్యి పైపుకు టీ జాయింట్ వేసి గీజర్‌కు లాగే పని ఒప్పుకోవద్దు. ఐఎస్ఐ గుర్తున్న సురక్షా పైపు వాడి, ఐదేళ్లకోసారి మార్చాలి. గ్యాస్ లీకైతే 24 గంటలూ పనిచేసే 1906 నంబరుకు ఫోన్ చేయండి.

మంట నీలంగా ఉన్నంత వరకు ఫర్వాలేదు. పసుపు పచ్చగా మారినా, డబ్బా పైన మసి కనిపించినా వెంటనే ఆపి సర్వీసింగ్ చేయించాలి.

నిజంగా చవకా?

20 లీటర్ల బకెట్ నీళ్లను 20 డిగ్రీలు వేడెక్కించడానికి కరెంటైతే సుమారు అర యూనిట్, గ్యాసైతే సుమారు 45 గ్రాములు పడుతుంది. అంటే 14.2 కిలోల సిలిండర్‌తో 300 బకెట్లు. అదే పనికి కరెంటు 150 యూనిట్లు. మీ సిలిండర్ ధరను 150తో భాగించి, బిల్లులో మీరు కడుతున్న యూనిట్ ధరతో పోల్చండి. రోజంతా ఆన్‌లో వదిలేసే స్టోరేజీ గీజర్‌కు ఇంకొంచెం కరెంటు కలుపుకోవాలి. ఈ లెక్క వేశాక గీజర్ ఆలోచన మానుకునే ఇళ్లు కొన్ని ఉండొచ్చు.

ప్రమాదం జరిగితే?

లోపలి నుంచి పలుకు రాకపోతే ఆలస్యం చేయకుండా తలుపు పగలగొట్టండి. ఊపిరి బిగబట్టి వెళ్లి మనిషిని బయటి గాలిలోకి లాగండి. నల్లా కట్టేస్తే మంట ఆరుతుంది, రెగ్యులేటర్ కూడా ఆపండి. 108కి ఫోన్ చేయండి. ఆస్పత్రిలో ‘గ్యాస్ గీజర్ ఉన్న బాత్‌రూమ్‌లో పడిపోయారు’ అని మొదటి మాటగా చెప్పండి. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ ఈ కేసుల్లో 98, 99 చూపించి మోసం చేస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తానికీ, ఆక్సిజన్ పట్టిన రక్తానికీ అది తేడా పట్టలేదు. రక్తంలో కార్బాక్సీ హిమోగ్లోబిన్ పరీక్ష చేయాలి, మాస్కుతో పూర్తి ఆక్సిజన్ ఇవ్వాలి. గర్భిణులు, చిన్నపిల్లలు ఉంటే లక్షణాలు తక్కువగా కనిపించినా తీసుకెళ్లండి.

బీమా సంగతి చాలామంది అడుగుతారు. ఎల్‌పీజీ వినియోగదారుల కోసం ఆయిల్ కంపెనీలే పాలసీ తీసుకుంటాయి, మనం విడిగా ప్రీమియం కట్టక్కర్లేదు. ప్రమాదం జరిగితే వెంటనే డిస్ట్రిబ్యూటర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. అయితే ఆ పాలసీ ఎల్‌పీజీ వల్ల రేగిన అగ్నిప్రమాదాలను దృష్టిలో పెట్టుకుని రాసింది. మంట అంటుకోకుండా, చప్పుడు లేకుండా బాత్‌రూమ్‌లో జరిగిన మరణానికి అది వర్తిస్తుందని ముందుగానే లెక్క వేసుకోవద్దు.