ఆగిపోయినదని ఎవరు చెప్పిరి?

చంద్రగిరి కోటకు కొంతకాలము క్రిందట ఒక పాఠశాల బాలబాలికలను వెంటబెట్టుకొని పోయియుంటిమి. రాజమహలును, అందలి శిల్పములను చూపి, విజయనగర రాజుల కథ చెప్పి, చెట్టునీడను పులిహోర పొట్లములు విప్పు వేళకు పిల్లల మాటలు రాయలవారిని విడిచి సినిమాల మీదికి మళ్లినవి. "ఆదిత్య 369" రెండవ భాగము వచ్చునా, రాదా అని ఒక బాలుడు మమ్ము అడిగెను. "అది ఎప్పుడో ఆగిపోయినది నాయనా" అని మేము తేలికగా అనివేసితిమి. వెంటనే వెనుకనుండి ఒక బాలిక, "ఎవురు చెప్పినారు సార్?" అనెను.

ఆ ప్రశ్నకు మాయొద్ద సమాధానము లేకపోయెను. తిరుపతిలో టీ అంగడివద్ద వింటిమా? చిత్తూరు బస్సులో ప్రక్కన కూర్చున్నవారు అనిరా? ఎంత తలచుకొన్నను జ్ఞాపకము రాలేదు. చరిత్రలో ప్రతి మాటకును సాక్ష్యము కావలెనని గంటక్రిందట ఆ పిల్లలకే బోధించిన మేము సాక్ష్యము లేని మాట పలికితిమి. ఆనాటి సిగ్గే ఈ ప్రసంగమునకు మూలము. ఒక సినిమా ఆగినదా, సాగుచున్నదా అనునది చిన్న విషయముగా తోచవచ్చును. కాని వదంతికిని చరిత్రకును గల భేదమును తెలిసికొనుటకు ఇంతకంటె దగ్గరి ఉదాహరణ మరియొకటి మాకు కనబడలేదు.

ముందుగా ఆ చిత్రమును గూర్చి రెండు మాటలు. "ఆదిత్య 369" 1991 జూలై 18వ తేదీన విడుదలయినది. దర్శకులు సింగీతం శ్రీనివాసరావు. వీరి జన్మస్థలము నెల్లూరు జిల్లాలోని ఉదయగిరి. నిర్మాత శివలెంక కృష్ణప్రసాద్, సమర్పకులు గాయకులు ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యం. జంధ్యాల మాటలు వ్రాసిరి, ఇళయరాజా సంగీతము కూర్చిరి. 1895లో ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్ ప్రకటించిన కాలయంత్రపు కథను చదివినవారికి ఈ చిత్రములోని యంత్రము క్రొత్త కాదు. క్రొత్తదనమంతయు అది దిగిన చోటనే యున్నది. వెల్స్ తన కథానాయకుని సుదూర భవిష్యత్తునకు పంపెను. సింగీతమువారు తమ యంత్రమును మొదట వెనుకకు నడిపి 1526వ సంవత్సరమున శ్రీకృష్ణదేవరాయల కొలువులో దింపిరి. పిదపనే 2504వ సంవత్సరమునకు తీసికొనిపోయి, ప్రపంచయుద్ధానంతరము భూగర్భమున తలదాచుకొన్న మానవులను చూపిరి.

నేటి యువకునిగను, రాయలుగను రెండు పాత్రలను ధరించినది నందమూరి బాలకృష్ణ. వారి తండ్రి ఎన్. టి. రామారావు 1956లో "తెనాలి రామకృష్ణ" చిత్రమునందును, 1962లో "మహామంత్రి తిమ్మరుసు" చిత్రమునందును అదే రాయలుగా నటించియుండిరి. మన చిత్తూరు సీమవారికి రాయలు దూరపు చుట్టము కాడు. తిరుమల ఆలయములో తిరుమలదేవి, చిన్నాదేవి ఇరుప్రక్కల నిలువగా చేతులు జోడించిన ఆయన లోహవిగ్రహమును చూడకుండ ఎవరును స్వామి దర్శనమునకు పోలేరు. కావున ఆ యంత్రము రాయల కొలువులో దిగినప్పుడు మనవారు కొండమీద చూచిన మూర్తియే కదలి వచ్చినట్లు సంతోషించిరి. ఆ సంతోషమే రెండవ భాగమునకై ఎదురుచూపుగా మారినది.

ఎదురుచూపు ఉన్నచోట వదంతి పుట్టును. రెండవ భాగమునకు "ఆదిత్య 999" అను పేరు చాలకాలముగా వినవచ్చుచున్నది. బాలకృష్ణ నూరవ చిత్రము ఏది యగునను చర్చ వచ్చినప్పుడు ఈ పేరు మారుమ్రోగెను. కాని 2017 జనవరి 12న నూరవ చిత్రముగా వచ్చినది "గౌతమీపుత్ర శాతకర్ణి". అంతటితో "ఆదిత్య 999 ఆగినది" అను మాట బయలుదేరినది. 2024 డిసెంబరులో బాలకృష్ణయే స్వయముగా, తన కుమారుడు మోక్షజ్ఞ నాయకుడుగా "ఆదిత్య 999 మ్యాక్స్" వచ్చునని బహిరంగముగా చెప్పిరి. "ఆగలేదు" అను మాట లేచినది. 2025 ఏప్రిల్ 4న మొదటి చిత్రమునే బొమ్మ మెరుగుపరచి మరల విడుదల చేసిరి. దానిని కొందరు రెండవ భాగమునకు నాందిగా చెప్పుకొనిరి. మరికొందరు రెండవది రాదు గనుకనే మొదటిది మరల వచ్చినదనిరి. ఒకే సంఘటన నుండి రెండు విరుద్ధమైన వార్తలు పుట్టినవి. రెండింటిని చెప్పినవారును నమ్మకముగానే చెప్పిరి.

ఇప్పుడు కొండపైకి పోవుదము. రాయలు తిరుమలకు ఏడు మారులు వచ్చెనని మనము ధైర్యముగా చెప్పుచున్నాము. ఎట్లు? మొదటి రాక 1513 ఫిబ్రవరి 10. నవరత్న ఖచితమైన కిరీటమును సమర్పించిన సంగతి ఆలయపు గోడ రాతిమీద నున్నది. 1514 జూలై 6న ముప్పది వేల బంగారు నాణెములతో కనకాభిషేకము చేసినట్లు శాసనమున్నది. 1521 ఫిబ్రవరి 17నాటి రాకకును శాసనమున్నది. ఈ శాసనములను పరిశీలించి ప్రకటించుటలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు చేసిన కృషి గొప్పది. దేవస్థానమువారు వానిని 1930 ప్రాంతములనుండి సంపుటములుగా వెలువరించిరి.

శాసనములో ఏమేమి యుండును? శకవర్షము, మాసము, తిథి యుండును. ఇచ్చినవాని పేరు, ఇచ్చిన వస్తువు, దాని పరిమాణము ఉండును. ఆలయమునకు సంబంధించిన అనేక శాసనముల చివర, శ్రీవైష్ణవుల అనుమతితో తాను వ్రాసితినని ఆలయ కరణము చెప్పుకొనును. అనగా మాటకు తేది కలదు, కర్త కలడు, సాక్షి కలడు. తప్పయినచో ఎవరిని అడుగవలెనో తెలియును. వదంతిలో ఈ మూడును ఉండవు. "అంటున్నారు" అనుటయే గాని ఎవరు, ఎప్పుడు, ఎవరి యెదుట అనిరో దొరకదు.

శాసనములు మరియొక పాఠమును కూడ నేర్పుచున్నవి. 1521 తరువాత రాయలు తిరుమలకు వచ్చినట్లు శాసనము లేదు. ఆయన 1529 వరకు జీవించియుండెను. ఈ ఎనిమిదేండ్ల మౌనమును జూచి, రాయలకు స్వామియందు భక్తి తగ్గినదని ఎవరైన అన్నచో మనము ఒప్పుకొందుమా? యుద్ధములుండవచ్చును, రాచకార్యములుండవచ్చును, మరి యే కారణమైన నుండవచ్చును. మౌనము మౌనమే. దానిని నిరాకరణముగా చదువుట పాఠకుని తొందరపాటు. ఒక చిత్రమును గూర్చి రెండేండ్లు ఎవరును మాటాడనిచో "ఆగిపోయినది" అనుటయు ఇట్టి తొందరపాటే.

వ్రాతలో నున్నదంతయు నిజమే యనుకొనరాదు సుమా. వదంతి కాగితమెక్కిన సందర్భములును కలవు. రాయలు 1509లో సింహాసనమెక్కిన కథను వినని తెలుగువాడు లేడు. అన్నయగు వీరనరసింహరాయలు మరణశయ్యపై నుండి, తన చిన్న కుమారునికి రాజ్యము దక్కుటకై తమ్ముని కన్నులు తీయించుమని తిమ్మరుసును ఆజ్ఞాపించెననియు, తిమ్మరుసు మేక కన్నులను చూపి కృష్ణరాయలను కాపాడెననియు ఆ కథ. దీనిని వ్రాసినవాడు ఫెర్నావో న్యూనిజ్ అను పోర్చుగీసు గుఱ్ఱపు వర్తకుడు. అతడు విజయనగరములో నున్నది 1535 ప్రాంతమున. అనగా జరిగెనన్న దినమునకు ఇరువదియైదేండ్ల పిదప, వీథిలో విన్నమాటను అతడు వ్రాసికొనెను. రాబర్ట్ స్యూయెల్ 1900లో ప్రకటించిన తన గ్రంథములో దానిని ఆంగ్లములో నిచ్చెను. అన్నదమ్ములకు ఇట్టి వైరమున్నట్లు శాసనములు చెప్పవు. కడకు రాయలు తిమ్మరుసు కన్నులు తీయించెనన్న కథకును ఆ న్యూనిజ్ వ్రాతయే ఆధారము. 1962నాటి చిత్రములో గుమ్మడి ఆ తిమ్మరుసుగా నటించి ప్రేక్షకులను కంటతడి పెట్టించిరి. ఆ కంటతడి నిజము. దాని వెనుకనున్న సంఘటన ఇప్పటికిని సందేహము. నాలుగు వందల ఏండ్లు దాటినను ఒక వదంతిని తీసివేయుట ఎంత కష్టమో చూడుడు.

ఈ దృష్టితో ఇటీవలి వార్త నొకదానిని పరీక్షింతము. 2024 జూన్ 27న నాగ్ అశ్విన్ దర్శకత్వమున "కల్కి 2898 ఏడీ" విడుదలయినది. దానికి మార్గదర్శిగా సింగీతము వారిని ఎన్నుకొన్నట్లు నిర్మాణసంస్థయగు వైజయంతీ మూవీస్ 2020లోనే ప్రకటించియుండెను. ఇట్లు ఆదిత్యునికిని కల్కికిని ఒక గురుశిష్య సంబంధమున్నది. ఆ చిత్రము కథ మధ్యలో నిలిచిపోవుటచే రెండవ భాగమునకై జనులు ఎదురుచూచుచుండగా, 2025 సెప్టెంబరు 18న ఆ సంస్థ ఒక ప్రకటన చేసెను. నటి దీపికా పదుకొణె రెండవ భాగములో ఉండబోరని దాని సారాంశము. రెండు దినములలో "కల్కి ఆగినది" అను మాట మా వీథివరకు వచ్చినది. ప్రకటనను శాసనమువలె చదివి చూడుడు. అందులో కర్త కలడు, తేది కలదు. ఒక నటి ఉండరని మాత్రమే అందున్నది. పైగా రెండవ భాగమును "రాబోవు" చిత్రముగనే పేర్కొన్నారు. ఆగినదని చెప్పుటకు జనులు ఉదాహరించిన పత్రమే అది రానున్నదని చెప్పుచున్నది!

ఒకవేళ నిజముగా ఆగినను, ఆగుట శాశ్వతము కాకపోవచ్చును. అమెరికాలో "ట్రాన్" అను వైజ్ఞానిక చిత్రముల వరుసలో మూడవదానిని 2015లో నిర్మాణసంస్థ నిలిపివేసెను. ఆ వార్త అబద్ధము కాదు. అయినను పదేండ్లకు, 2025 అక్టోబరులో, మూడవ చిత్రము వచ్చినది. 1982నాటి "బ్లేడ్ రన్నర్"కు రెండవ భాగము వచ్చినది 2017లో. నడుమ ముప్పదియైదేండ్లు గడచినవి. "ఆదిత్య 369"కు 2026 జూలైతో సరిగా ముప్పదియైదేండ్లు. కావున కాలము గడచినదను ఒక్క కారణముచేత తీర్పు చెప్పుటకు వీలులేదు.

అయితే కాలము తన పని తాను చేయుచునే యున్నది. 1996లో సిల్క్ స్మిత పోయినది. 2001లో జంధ్యాల పోయిరి. 2005లో ప్రతినాయకుడైన అమ్రీష్ పురి, 2020లో బాలసుబ్రహ్మణ్యం పోయిరి. సింగీతమువారు 1931లో జన్మించినవారు. ఇంటింట జనులు "వచ్చునా, ఆగినదా?" అని అడుగుటలో ఈ బెంగ దాగియున్నదని మా అభిప్రాయము. వారు అడుగుచున్నది ఒక సినిమాను మాత్రమే కాదు. ఆ చిత్రమును చూచిననాటి తమ యిల్లు, ప్రక్కన కూర్చున్న తండ్రి, ఆ దినములు మరల వచ్చునా అని. ఆ ప్రశ్నకు ఏ నిర్మాతయు ప్రకటన ఇయ్యలేడు. అందుచేతనే వదంతికి అంత బలము. కాని బెంగ ఎంత నిజమైనను అది సాక్ష్యము కానేరదు. వందలమంది పనివారి కూలి, అప్పు తెచ్చినవారి పరువు ఒక చిత్రముపై ఆధారపడియుండగా, "ఆగినది" అని తేలికగా అనుట మావంటివారికి తగదు.

గడచిన మాసములో ఆ పాఠశాలకు మరల పోయినప్పుడు ఆ బాలికను పిలిచి, "అమ్మా, ఆనాడు నేను చెప్పిన మాటకు ఆధారము లేదు. రెండవ భాగము తీయుదునని బాలకృష్ణ 2024 డిసెంబరులో చెప్పినాడు. ఆపితినని సంతకము పెట్టి ఎవరును చెప్పినట్లు నాకు కనబడలేదు. నాకు తెలిసినది ఇంతే" అంటిమి. ఆ పిల్ల తల ఊపి, తన నోటుపుస్తకము తీసి, ఆ మాటను తేదీతో సహా వ్రాసికొనినది. క్రింద మా పేరును కూడ వ్రాసినది.