ఆసుపత్రి కీటకాలు, మందులకు లొంగని బ్యాక్టీరియా: వాహకాల పాత్రకు ఆధారాల పరిశీలన

సారాంశం

ఆసుపత్రుల్లో పట్టిన ఈగలు, బొద్దింకల మీద యాంటీబయాటిక్‌లకు లొంగని బ్యాక్టీరియా దొరికినట్టు అనేక అధ్యయనాలు చెబుతున్నాయి. దొరకడం వేరు, రోగికి చేరడం వేరు. అందుకే ఈ వ్యాసం ఆధారాలను మూడు మెట్లుగా పరిశీలిస్తుంది: కీటకం మీద బ్యాక్టీరియా ఉండటం, అది రోగిలోని రకంతో సరిపోలడం, ఎవరి నుంచి ఎవరికి చేరిందో తేలడం. మూడో మెట్టు తేలేదాకా ఆగకుండా, కీటక నియంత్రణను ఇన్ఫెక్షన్ నివారణలో భాగం చేయాలన్నది ఇక్కడి ప్రతిపాదన.

మోసుకెళ్లే తీరు

ఈగకు నమిలే నోరు లేదు. ఆహారం మీద లాలాజలాన్ని, కడుపులోని ద్రవాన్ని కక్కి, కరిగించి పీల్చుకుంటుంది. కాళ్ల నూగుకు అంటిన మలినంతో పాటు ఈ వాంతి, రెట్ట కూడా బ్యాక్టీరియాను వదిలే దారులే. పైగా ఈగ పేగు బ్యాక్టీరియా ఊరికే నిలవుండే చోటు కాదు. ఈగ పేగులో ఈ.కోలై బ్యాక్టీరియా, యాంటీబయాటిక్ నిరోధక జన్యువులను ఒకదానికొకటి ఇచ్చిపుచ్చుకుంటుందని 2006లో ప్రయోగశాలలో తేలింది. ఎంటెరోకాకస్ బ్యాక్టీరియాలో టెట్రాసైక్లిన్ నిరోధక జన్యువు విషయంలోనూ 2009లో ఇదే రుజువైంది.

మొదటి మెట్టు: ఉనికి

ఢిల్లీ పరిశోధకులు 1990ల తొలినాళ్లలోనే ఆసుపత్రి బొద్దింకలు, ఈగల మీద రోగకారక క్రిములను నమోదు చేశారు. ఇంగ్లండ్‌లోని 7 ఆసుపత్రుల్లో సుమారు 20,000 కీటకాలను సేకరించిన ఆస్టన్ విశ్వవిద్యాలయ అధ్యయనం 2019లో వెలువడింది. వాటి నుంచి వేరుచేసిన బ్యాక్టీరియా రకాల్లో 53 శాతం కనీసం ఒక తరగతి యాంటీబయాటిక్‌లకు లొంగలేదు. ఇవన్నీ ఉనికిని చూపుతాయి. ఫలానా రోగికి ఇన్ఫెక్షన్ ఎలా వచ్చిందో చెప్పవు.

రెండో మెట్టు: సరిపోలిక

దక్షిణాఫ్రికాలోని ఒక నవజాత శిశువుల విభాగంలో మందులకు లొంగని క్లెబ్సియెల్లా బ్యాక్టీరియా ప్రబలినప్పుడు, అక్కడి బొద్దింకల మీద దొరికిన రకం, శిశువుల్లోని రకం జన్యు పరీక్షలో వేరుపడలేదని 2000లో ప్రచురితమైన పరిశోధన చూపింది.

దీనికన్నా లోతైనది పాకిస్తాన్‌లోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో 2016 వేసవి, శీతాకాలాల్లో సేకరించిన నమూనాల అధ్యయనం. కార్బపెనెమ్ మందులను నిర్వీర్యం చేసే ఎన్‌డీఎమ్ జన్యువు శస్త్రచికిత్స గాయాల నమూనాల్లో 15.5 శాతం, ఆసుపత్రి ఉపరితలాల్లో 15.1 శాతం, కీటకాది జీవుల్లో 13.3 శాతం కనిపించింది. పూర్తి జన్యుక్రమాలను పోల్చి, అతి తక్కువ డీఎన్‌ఏ అక్షర భేదాలున్న వాటిని ఒకే గుంపుగా లెక్కించారు. గాయాలు, ఉపరితలాలు, కీటకాలు మూడింటినీ కలిపే గుంపులు బయటపడ్డాయి.

మూడో మెట్టు: దిశ

సరిపోలినంత మాత్రాన దిశ తేలదు. రోగి గాయం మీద వాలిన ఈగ బ్యాక్టీరియాను తెచ్చి ఉండవచ్చు, అక్కడే అంటించుకుని ఉండవచ్చు. వాంకూవర్‌లో ముగ్గురు రోగుల వద్ద దొరికిన 5 నల్లుల్లో మందులకు లొంగని బ్యాక్టీరియాను 2011లో గుర్తించినప్పుడూ ఇదే చిక్కు ఎదురైంది. అదే ఏడాది వెలువడిన మరో అధ్యయనంలో, న్యూఢిల్లీ వీధుల్లో నిలిచిన మురుగునీటి నమూనాలు 171లో 51 ఎన్‌డీఎమ్ జన్యువును చూపాయి. అంటే కీటకానికి ఆ జన్యువున్న బ్యాక్టీరియా అంటుకునే చోటు ఆసుపత్రి ప్రహరీ అవతలా ఉంది. దిశ తేలాలంటే రోగి చేరిన రోజే నమూనా తీసుకోవాలి. వార్డులో వారంవారం కీటకాలను పట్టి, రెండు జన్యుక్రమాలనూ తేదీల వరుసలో పోల్చాలి.

ముగింపు

ఆ రుజువు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఈగ తెచ్చినా, అంటించుకున్నా, తెరిచి ఉన్న గాయానికీ చెత్తకూ మధ్య అడ్డు లేదన్నదే దాని ఉనికి చెప్పే విషయం. అడ్డు వేయడమంటే మందు కొట్టడమే కాదు. ఆసుపత్రుల్లో రోగకారక క్రిములను మోస్తుందని 1972లోనే గుర్తించిన ఫారో చీమ పుట్టలు, పిచికారీ చేస్తే చీలి కొత్తచోట్ల స్థిరపడతాయి. వాటికి ఎర పెట్టాలి. కిటికీలకు జాలీలు, మురుగు గొట్టాలకు మూతలు ఉండాలి. శుద్ధి చేయని కొన్ని రకాల జీవవైద్య వ్యర్థాలను 48 గంటలకు మించి నిల్వ చేయరాదన్న మన దేశపు 2016 నిబంధనను పాటించాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, వార్డుల్లో పట్టిన కీటకాల లెక్క పారిశుద్ధ్య కాంట్రాక్టరు రిజిస్టరులోనే ఉండిపోకుండా ఇన్ఫెక్షన్ నియంత్రణ కమిటీ ముందుకు ప్రతి నెలా రావాలి. ఆ లెక్కను ఇన్ఫెక్షన్ల లెక్క పక్కన పెట్టి చూసినప్పుడే మూడో మెట్టుకు కావలసిన సమాచారం కూడా సమకూరుతుంది.