మైకుపెట్టెకు తావెక్కడ?

కారు డిక్కీలో ఆంప్లిఫయరు ఏ మూలను బిగింపవలెనను ప్రశ్న ఈనాడు పాటలపై మోజుగల యువకులది. కార్ల సామగ్రి అమ్ము దుకాణము ముందు కొంతసేపు నిలిచినచో, అమలాపురములోనైనను రావులపాలెములోనైనను, ఈ చర్చ చెవిని పడును. ఒకరు వెనుకసీటు వీపునకు బిగింపుమందురు. మరియొకరు డిక్కీ అడుగుననే మంచిదందురు. స్పీకరుపెట్టె నెత్తిన పెట్టుమను ధీరులును కలరు. ఇది నేటి వేడుకవలె కనబడును గాని, దీని వెనుక తొంబది యేండ్లు దాటిన కథ యున్నది. ధ్వనినే నమ్ముకొని బ్రదుకు మాబోంట్లకు అది చెప్పుకొనదగిన కథ. దానిని కోనసీమలో నిలిచి చెప్పుటకు వేరొక కారణము కూడ కలదు. నీటి నడుమనున్న ఈ సీమలో మైకుపెట్టె తావు వినోదముతో ముగిసిన విషయము కాదు. వరదనాడు లంకలోని మనిషికి హెచ్చరిక చేరుటయా, చేరకపోవుటయా అనునంతవరకు పోయిన విషయము.

మనుష్యుని కంఠమును విద్యుత్తుతో పెంచి బహిరంగముగా వినిపించుట అమెరికాలో 1915 ప్రాంతమున కుదిరినది. జెన్సెన్, ప్రిధాం అను ఇరువురు ఆ సంవత్సరమున సాన్‌ఫ్రాన్సిస్కోలో తమ ‘మాగ్నవాక్స్’ లౌడుస్పీకరును జనసమూహమునకు వినిపించిరి. 1919లో అధ్యక్షుడు విల్సను శాన్‌డియాగోలో వేలాది జనమునకు ఆ యంత్రముతోనే ఉపన్యసించెను. మన దేశమున నానిక్ మోత్వానేగారి చికాగో రేడియో సంస్థ జాతీయోద్యమ సభలకు లౌడుస్పీకర్లు సమకూర్చి పేరుపొందినది. సభలో యంత్రమునకు తావు వెదకుట సులభము. వేదిక ప్రక్కన బల్లవేసి దానిపై పెట్టినచో చాలును. కదలు బండిలోనికి ఎక్కింపబోయినప్పుడే చిక్కు మొదలైనది.

ఆ చిక్కును మొదట ఎదుర్కొన్నవారు కారు రేడియోలు చేసినవారు. అమెరికాలో గాల్విన్ సోదరులు 1930లో ‘మోటరోలా’ అను పేరుతో కారు రేడియో తెచ్చిరి. నాటి రేడియోలు వాల్వులతో పనిచేసెడివి. వాల్వునకు వందల వోల్టులు కావలెను; బండి బ్యాటరీ ఇచ్చునది ఆరే. కనుక ముందు ప్రత్యేకముగా ఎండుబ్యాటరీలను కారు అడుగున దాచిరి. తరువాత ఆరు వోల్టులను ముక్కలుముక్కలుగా త్రుంచి ట్రాన్స్‌ఫార్మరుకు పంపు ‘వైబ్రేటరు’ అను పనిముట్టు వచ్చినది. ఇవన్నియు కలిసి పెద్దపెట్టె యైనది. జర్మనీలో 1932లో బ్లావుపుంక్త్ కంపెనీవారు చేసిన కారు రేడియో బరువు 15 కిలోలు. డ్రైవరు దగ్గర దానికి చోటులేక, పెట్టెను బండిలో వేరొకచోట నిలిపి, త్రిప్పుడుబిళ్ళలను మాత్రము స్టీరింగు కాడకు తెచ్చిరి. యంత్రము ఒకచోట, దానిని ఆడించు చేయి వేరొకచోట. డిక్కీలో ఆంప్లిఫయరు పెట్టు నేటి పద్ధతికి ఇదియే తొలిరూపమని మా అభిప్రాయము.

ఇక కోనసీమకు వత్తము. ధవళేశ్వరము ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తియైన పిదప ఈ సీమకు కాలువయే రాజమార్గమైనది. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయలపై వంతెనలు రాకముందు కారు ఈ సీమను ప్రవేశింపవలెనన్న పంటు ఎక్కవలసినదే. ఏ వార్తయైనను ఊరిలో టముకు వేసి చాటించెడివారు. పంచాయతీ కార్యాలయముపై కట్టిన గొట్టములోనుండి రేడియో వార్తలు వినిన తరము ఒకటి కలదు. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన ప్రసారములు ఆరంభించినది. సినిమా ప్రచారమునకు టముకు పోయి రిక్షా వచ్చినది. టాపుమీద ముందొకటి వెనుకొకటి గొట్టములు కట్టి, సీటుమీద చెప్పువాడు, అతని కాళ్ళ దగ్గర బ్యాటరీ, ప్రక్కన ఆంప్లిఫయరు. కరపత్రములకై పిల్లలు వెంటబడుచుండగా అది గంటకు మూడు నాలుగు మైళ్ళు నడచెడిది. యంత్రస్థాపనకు అంతకంటె మంచి వాహనము మరల రాలేదని మాకు తోచును. అందులో బ్యాటరీ, పెట్టె, చేయి, నోరు అన్నియు మూరెడు దూరములో ఉన్నవి.

ఆ మూరెడు దూరములోనే కిటుకంతయు ఉన్నది. ఆంప్లిఫయరుకు రెండు తీగలు. ఒకటి బ్యాటరీనుండి వచ్చునది, రెండవది గొట్టమునకు పోవునది. చూపునకు రెండును ఒక్కటే గాని వాటి స్వభావములు వేరు. 50 వాట్ల పెట్టె పూర్తి గొంతుతో పలుకునపుడు 12 వోల్టుల బ్యాటరీనుండి సుమారు 8 ఆంపియర్లు లాగును. బానెట్టు క్రింది బ్యాటరీనుండి డిక్కీవరకు నాలుగు మీటర్లనుకొందము. పోకరాకలు ఎనిమిది మీటర్లు. ఒక చదరపు మిల్లీమీటరు మందముగల రాగితీగ వేసినచో దారిలోనే ఒక వోల్టుకు పైగా హరించిపోవును. పన్నెండులో ఒకటి పోయిన పోయినదిలే యనుకొనరాదు. గొట్టమునకు చేరు శక్తిలో దాదాపు ఆరవవంతు పోయినట్లు. గొట్టము వైపు లెక్క వేరు. మైకుసెట్లవారు వాడు 100 వోల్టుల లైనులో అదే 50 వాట్లకు అర ఆంపియరు చాలును. అదే తీగ, అదే దూరము. నష్టము నూటికి ఒక పాలు కూడ కాదు. కనుక బ్యాటరీకి పెట్టె దగ్గరగా ఉండవలెను, గొట్టము దూరమైనను బాధలేదు. ఈ సూత్రము ఏ పుస్తకములోను చదువని మైకుసెట్టువారికి చేతివాటముగా తెలియును. అంబాసిడరు కారు అద్దెకు తీసికొని ఊరేగింపునకు పోవునపుడు వారు కారు బ్యాటరీ జోలికి పోక, తమ బ్యాటరీని తామే తెచ్చుకొని ఆంప్లిఫయరు ప్రక్కన పెట్టుకొనెడివారు. కారు బ్యాటరీ దిగిపోయి బండి నడిరోడ్డున నిలిచిపోవు అపాయము కూడ దానితో తప్పెడిది.

అయినను డిక్కీ వారికి నచ్చలేదు. వాల్వుల పెట్టె వేడిపెట్టె. మూతవేసిన డిక్కీలో ఆ వేడికి దారి లేదు. కాలువగట్టు దారి గతుకులకు వాల్వులు కాళ్ళు వదలి గరగర మొదలుపెట్టును. గొంతు తగ్గింపవలసివచ్చినచో బండి నాపి దిగవలెను. అన్నిటికంటె ముఖ్యము, నీరు. పంటు ఎక్కునపుడును దిగునపుడును రేవులో చక్రములు నీట మునుగును. ఆ సమయమున బండిలో అన్నిటికంటె దిగువనుండునది డిక్కీ అడుగు. అంతర్వేది తీర్థమునకు పోవు బండికి పైగా సముద్రపు ఉప్పుగాలి. రాగి అతుకులపై పచ్చని చిలుము పట్టినచో, తీగ ఎంత లావుదైనను అతుకు దగ్గర వోల్టు హరించును. కాబట్టి వెనుకసీటుమీద గోనెసంచి మడచి పరచి, దానిపై పెట్టెను ఉంచి, ప్రక్కన తాము కూర్చుండెడివారు. చూచువారికి అది మోటుపద్ధతి. గతుకును గోనె అణచును, వేడి కిటికీలోనుండి పోవును, చేయి బిళ్ళమీద ఉండును. దీనిని మించిన అమరికను ఏ ఇంజనీరు చూపగలడు?

ట్రాన్సిస్టరు 1947 డిసెంబరులో బెల్ ప్రయోగశాలలో పుట్టినది. అది మైకుసెట్లలోనికి దిగిన తరువాత వందల వోల్టుల పని లేకపోయెను. బ్యాటరీ మీదను కరెంటు మీదను నడచు పెట్టెలు వచ్చెను. పల్లెలలో ‘అహూజా’ అనిన ఆంప్లిఫయరనియే అర్థమైనది. పెట్టె తేలికయైనది, వేడి తగ్గినది. తావు ప్రశ్న మాత్రము సమసిపోలేదు.

బండియే వేదికయైన సంఘటన తెలుగుదేశమున 1982లో జరిగినది. ఆ సంవత్సరము మార్చి 29న పార్టీని ప్రకటించిన నందమూరి తారక రామారావుగారు పాత షెవర్లే వ్యానును ‘చైతన్యరథము’గా మార్పించి, కుమారుడు హరికృష్ణ నడుపగా రాష్ట్రమెల్ల తిరిగిరి. 1983 జనవరిలో ముఖ్యమంత్రియైరి. రాజకీయము మా ప్రస్తావన కాదు. ధ్వని దృష్టితో చూచినచో ఆ బండి చేసిన పని యొకటి కలదు: ఉపన్యాసకుని బండి నెత్తికి ఎక్కించినది. అంతవరకు గొంతు బండిలో, గొట్టము బండిమీద. ఇప్పుడు రెండును పైకే వచ్చినవి. వచ్చినంతనే పాతశత్రువు ఎదురగును. గొట్టము పలికినది మైకులో మరల దూరి ఈలవేయును. మైకు గొట్టమునకు వెనుకనుండవలెను, గొట్టములు మనిషిని దాటి జనమువైపు మొగము పెట్టవలెను. పెట్టె మీటలు చూచుకొను మనిషి క్రిందనే ఉండును కనుక, ఈల మొదలగు క్షణమున అతడు గొంతు తగ్గింపగల దూరములో పెట్టె ఉండవలెను. రథములన్నిటికిని అప్పటినుండి ఇదియే నియమము.

గొంతు పెద్దదగుటకు వాట్లు పెంచినచో చాలునని చాలమంది నమ్మకము. వాట్లు రెట్టించినచో పెరుగునది 3 డెసిబెళ్ళు మాత్రమే. చెవికి అది స్వల్పమైన మార్పు. వినువాని దూరము రెట్టించినచో తగ్గునది 6. నూరు వాట్ల పెట్టె కొని, దానికై రెండు బ్యాటరీలు మోయుటకంటె, ఉన్న గొట్టమును రెండు మూరలు ఎత్తి కట్టి కొబ్బరిమొక్కలను దాటించుట మేలు. వేకువజామున నీటిమీది గాలి చల్లగానుండి పైగాలి వెచ్చగానున్నపుడు ధ్వని పైకెగిరిపోక వంగి మరల నీటిమీదికి దిగును. కాలువ ఆవలిగట్టు సుప్రభాతము మన పెరటిలోనే పాడుచున్నట్లు వినబడుటకు కారణమిదియే. మిట్టమధ్యాహ్నము అదే గొట్టము అంతదూరము వినబడదు.

నేటి డిక్కీ సంగతి రెండు మాటలలో. కొత్తరకపు ‘డి’ తరగతి ఆంప్లిఫయర్లు అరచేతి వెడల్పున వచ్చుచున్నవి, వేడియు తక్కువ. సీటు క్రిందనే ఇముడును. పెద్దది కావలెనన్నవారు వెనుకసీటు వీపున చెక్క బిగించి దానిపై నిలువుగా బిగించుట మేలు. తలక్రిందులుగా పైకప్పునకు వ్రేలాడదీసినచో వేడి పైకి ప్రాకి మరల యంత్రములోనికే పోవును. స్పీకరుపెట్టె మీద బిగించినచో ప్రతి దరువునకు అతుకులు అదరును. అదనపు చక్రముండు గుంటలో పెట్టుట వాననీటికి విందుచేయుటయే. పెట్రోలు ట్యాంకు డిక్కీ అడుగుననో వెనుకసీటు క్రిందనో ఉండును కనుక క్రిందికి చూడక రంధ్రము చేయరాదు. బ్యాటరీ దగ్గరనే, అర మీటరు లోపుననే, ఫ్యూజు ఉండవలెను. అది రక్షించునది పెట్టెను కాదు, బండి పొడవునా పోవు తీగను. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు రాత్రి పదినుండి ఉదయము ఆరువరకు లౌడుస్పీకర్లను కట్టడిచేసినవి. వీధిలో నిలిపి డిక్కీ తెరచి మ్రోగించు కారునకును ఆ గడియారమే వర్తించునని యువకులు గమనింపవలెను.

పాటలు ఆగినచో పోవునదేమియు లేదు. 1986 ఆగష్టులో గోదావరి భద్రాచలమున 75.6 అడుగులకు లేచి, ధవళేశ్వరముమీదుగా 35 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహము క్రిందికి దిగి, కోనసీమ లంకలను ముంచెత్తినది. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపాను ఈ తీరముననే దాటి వేయిమందికి పైగా ప్రాణములు తీసినది. అట్టి రాత్రులలో కరెంటు పోవును, టెలిఫోను స్తంభములు కూలును. బ్యాటరీమీద పలుకగల గొంతు ఒక్కటే మిగులును. నీరు మోకాలికి రాకముందే ప్రతి ఇంటిముందు ‘బయలుదేరుడు’ అని చెప్పవలసిన బండి అది. ఆ బండిలో పెట్టె అడుగున ఉన్నచో నీరు ముందు దానినే ముంచును. అందుచే 2022 జూలై వరదకు భద్రాచలమున నీరు 71 అడుగులు దాటినట్టి వేళలలో హెచ్చరికకు పోవు ఆటోలో బ్యాటరీని, పెట్టెను సీటుమీదనే, మనిషితోపాటే కూర్చుండబెట్టవలెను, గొట్టము టాపున, మైకు డ్రైవరు ప్రక్కవాని చేతిలో. ఆటో ఆగిన గట్టునుండి ముందుకు పడవయే శరణ్యము. పడవలో మెగాఫోను చాలును. ఘటములు, ఆంప్లిఫయరు, గొట్టము, మైకు అన్నియు దానిలో ఒకే పిడికి అమరి యుండును. పట్టుకొన్నవాడు నీటికి ఎంత ఎత్తున నిలిచినచో అదియు అంత ఎత్తున ఉండును.