అల్లెత్రాటి మొక్క



నేటి ప్రసంగమునకు విషయము చిన్నది. ఒక కుండీలోని మొక్క. నగరములలోని మేడలయందు, కిటికీకి దూరముగా, వెలుగు చాలని మూలల, కత్తులు నిలువబెట్టినట్టి యాకులతోడను, ఆ యాకులకు పసుపుపచ్చని యంచులతోడను నుండు మొక్కను మీరెల్లరు చూచియే యుందురు. ఆంగ్లేయులు దానికి పాముమొక్క యనియు, అత్తగారి నాలుక యనియు పేళ్లు పెట్టిరి. రెండవ పేరు ఏ కోడలు పెట్టినదో చరిత్రకారులు చెప్పలేదు.

ఈ పరదేశపు మొక్కకు మన నేలను దగ్గఱి చుట్టము కలదు. దానిని తెలుగున చాగ యందురు. సంస్కృతమున మూర్వ యనుటయు కలదు. మనుస్మృతి ద్వితీయాధ్యాయమున ఉపనయనమునకు విప్రునకు ముంజగడ్డితోను, క్షత్రియునకు మూర్వతోను, వైశ్యునకు జనుపనారతోను మొలత్రాళ్లు విధింపబడినవి. అనగా క్షత్రియవటువు వింటినారినే మొలకు చుట్టుకొనవలెను. అమరసింహుడు వింటినారికి చెప్పిన పేళ్లలో మౌర్వి యొకటి. మూర్వనారతో పేనినది గనుక మౌర్వి. మూర్వ యనగా వేఱొక తీగ యని చెప్పు వైద్యులును కలరు, వారి మందులకు ఆ తీగయే వాడుకలో నున్నది. వింటినారి విషయమున మాత్రము నేను చాగ పక్షమువాడను. తెల్లగా, పట్టువలె మెఱయుచు, మిక్కిలి గట్టిగా నుండు ఆ నారను చేత పట్టి చూచినవారు నాతో వాదింపరు.

నేను ప్రాచ్యపాఠశాలలో అమరము చెప్పుచున్న దినములలో బాలురు “మూర్వ యెట్లుండునండీ?” యని యడుగుచుండెడివారు. ఊరి వెలుపల ముండ్లపొదల క్రింద చాగదుబ్బు ఒకటి యుండెడిది, దానిని చూపుచుండెడివాడను. బాట వెడల్పు చేసిననాడు అది పోయినది. ఇప్పుడు మౌర్వీశబ్దము పుస్తకమున నున్నది, మూర్వ చూపుటకు చోటు లేదు. నా మనుమడు అంగడినుండి తెచ్చిన ఆఫ్రికా మొక్కనే చూపవలసి వచ్చినది.

ఆ మొక్కకును మన దేశముతో సంబంధము లేకపోలేదు. రాక్స్‌బర్గు అను వైద్యుడు సామర్లకోటలో నివసించి, కోరమండల తీరపు మొక్కలను వర్ణించి, 1793లో కలకత్తా ఉద్యానవనమునకు అధికారియై వెళ్లెను. 1829లో మన చాగకు ఆయన పేరే శాస్త్రనామమున చేరినది. అదే ఉద్యానమునకు తరువాత అధికారియైన డేవిడ్ ప్రెయిన్ 1903లో, వంగదేశపు మొక్కలను గూర్చిన తన గ్రంథమున, ఈ పశ్చిమాఫ్రికా మొక్కకు నామకరణము చేసెను. పసుపుటంచుల భేదము కాంగోదేశపుది; 1904లో ఎమిల్ లారెంటు అను బెల్జియము శాస్త్రజ్ఞుని పేర ప్రకటితమైనది. మొన్న 2017, 2018 సంవత్సరములలో ఈ రెంటిని శాన్సివేరియా గోత్రమునుండి డ్రసీనా గోత్రమునకు దత్తు చేసిరి.

ఇక పోషణము. ఎండిన ఱాతినేలల, పొదల నీడల పెరిగిన వంశము గనుక ఇది కొద్ది వెలుగును ఓర్చుకొనును. ఓర్చుకొనుట వేఱు, కోరుట వేఱు. చీకటిమూలను చావదు గాని పెరుగుట మానును. కిటికీ వెలుగు కొంత తగిలిన చారలు తేటపడును. నీడనుండి ఒక్కసారిగా మండుటెండ నుంచరాదు, ఆకులు మాడును. ఈ మొక్క పగలు పత్రరంధ్రములను మూసికొని, రాత్రి తెఱచి, బొగ్గుపులుసుగాలిని గ్రహించి దాచుకొనును. కావున ఆకులలోని నీరు వృథాగా పోదు. నీడలో నీటి ఖర్చు మఱియు తక్కువ. దీనిని చంపునది మఱపు కాదు, ప్రేమ. దినదినము చెంబెడు నీరు పోసిన దుంప కుళ్లును. కుండీమన్ను లోపలివఱకు పొడిబారినపిదపనే పోయవలెను. చలికాలమున నెలకొక్కసారి చాలును. కుండీ యడుగున రంధ్రము, మన్నులో ఇసుక తప్పక యుండవలెను.

పిల్లమొక్కలు కావలసినవారు ఆకును ముక్కలు కోసి నాటుదురు. మొలచును గాని పసుపుటంచు రాదు. ఆ రంగు ఆకు వెలిపొరలలోనిది, క్రొత్త మొలక లోపలి పచ్చని కణములనుండి పుట్టును. అంచు నిలువవలెనన్న దుంపతో కూడ పిలకను విడదీయవలెను. కోసిన చోటు రెండుమూడు దినములు నీడను ఆఱనిచ్చి, పొడిమన్నున నాటి, వారము గడచినపిమ్మట నీరు పోయవలయును.