కోట్లా దాటిన సీనియర్లు: ఢిల్లీ క్రికెట్‌లో మలివయసు బదిలీల చరిత్ర

ఆటగాడు తన జీవితకాలంలో ఎక్కువ భాగం ఒకే జట్టుకు ఆడి, చివరి మూడు నాలుగు సీజన్ల కోసం మరొక జట్టుకు మారడమనేది ప్రపంచంలోని అన్ని ఆటల్లోనూ కనిపించే సంగతే అయినా, ఆ మార్పు ఎవరి అనుమతితో, ఏ కాగితం మీద జరుగుతుందన్న దాన్నిబట్టి దాని స్వభావం మారిపోతుంది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రపు ఫుట్‌బాల్ లీగ్‌లో, అంటే చేతులతోనూ కాళ్లతోనూ కోడిగుడ్డు ఆకారపు బంతితో ఆడే ఆ దేశపు సొంత ఆటలో, ఆటగాడి మీద క్లబ్బుకు ఉండే హక్కు చాలాకాలం తిరుగులేనిదిగా సాగింది. 1970ల ఆరంభంలో, పదేళ్లు ఒకే క్లబ్బుకు ఆడినవారు స్వేచ్ఛగా వెళ్లిపోవచ్చన్న నియమం కొద్దికాలం పాటు అమల్లోకి వచ్చినప్పుడు, నార్త్ మెల్‌బోర్న్ క్లబ్బు ఆ అవకాశం చేజారేలోపే బ్యారీ డేవిస్, డగ్ వేడ్, జాన్ రాంటాల్ అనే ముగ్గురు తలపండిన ఆటగాళ్లను మూడు వేర్వేరు క్లబ్బుల నుంచి తెచ్చుకుని, 1975లో ఆ లీగ్‌లో తన మొదటి చాంపియన్‌షిప్ గెలుచుకుంది. భారతదేశంలో దీనికి దీటైన ఉదాహరణ ఫుట్‌బాల్‌లో కంటే, రాష్ట్ర జట్ల మధ్య జరిగే రంజీ ట్రోఫీ క్రికెట్‌లోనే దొరుకుతుంది. అందులోనూ ఢిల్లీ, దాని చుట్టూ అల్లుకున్న రాజధాని ప్రాంతం ఈ బదిలీలకు ఎప్పటినుంచో కూడలిగా ఉంటూ వచ్చాయి.

అలా ఉండడానికి కారణం సగం భూగోళంలోనే ఉంది. 1985 నాటి చట్టంతో రూపుదిద్దుకున్న జాతీయ రాజధాని ప్రాంతంలో ఢిల్లీతో పాటు హర్యానాలోని గురుగ్రామ్, ఫరీదాబాద్, రోహ్‌తక్, ఉత్తరప్రదేశ్‌లోని నోయిడా, ఘాజియాబాద్, మీరట్, రాజస్థాన్‌లోని అల్వర్ ఉన్నాయి. క్రికెట్ లెక్కలో చూస్తే ఈ ఒక్క నగర ప్రాంతం నాలుగు రంజీ జట్ల సరిహద్దులను తాకుతుంది. వీటికి పహాడ్‌గంజ్ పక్కనున్న కర్నైల్ సింగ్ స్టేడియంలో ఆడే రైల్వేస్‌ను, పాలం మైదానంలో ఆడే సైనిక దళాల జట్టు సర్వీసెస్‌ను కలిపితే లెక్క ఆరుకు చేరుతుంది. ఇల్లు మారకుండానే జట్టు మారగల వెసులుబాటు దేశంలో మరే నగరవాసికీ ఇంతగా లేదు.

రంజీ ట్రోఫీ 1934-35లో మొదలైనప్పటి నుంచి ఒక ఆటగాడు ఏ జట్టుకు చెందినవాడన్నది పుట్టుక, నివాసం, ఉద్యోగం అన్న మూడింటి మీద ఆధారపడేది. ఈ మూడింటిలో ఉద్యోగమే అన్నిటికంటే సులువుగా మారేది గనుక, సంస్థానాల కాలంలో మహారాజులూ, స్వాతంత్ర్యం తర్వాత రైల్వే, సైన్యం వంటి ప్రభుత్వ శాఖలూ ఆటగాళ్లకు కొలువులిచ్చి రప్పించుకునేవి. నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో 1895లో పుట్టి, 1932లో భారతదేశపు తొలి టెస్టుకు నాయకత్వం వహించిన సి.కె. నాయుడు జీవితమే దీనికి తొలి గొప్ప ఉదాహరణ. ఇండోర్‌ను ఏలిన హోల్కర్ల సైన్యంలో హోదా పొంది ఆయన కల్నల్ నాయుడు అయ్యాడు; హోల్కర్ జట్టు 1945-46 నుంచి 1952-53 లోపు నాలుగుసార్లు రంజీ ట్రోఫీ గెలిచింది. ఆ తర్వాత, చాలామంది మనవలను ఆడించుకునే వయసులో, 1953-54లో కొత్తగా రంజీలో అడుగుపెట్టిన ఆంధ్ర జట్టుకు 58వ ఏట నాయకుడై, 1956-57లో 61 ఏళ్లు నిండాక ఉత్తరప్రదేశ్‌కు ఆడాడు. కొత్త జట్టు, అనుభవం లేని కుర్రాళ్లు, వారిని నిలబెట్టడానికి బయటి నుంచి వచ్చిన ఒక పెద్దదిక్కు అనే ఏర్పాటు ఆనాటి ఆంధ్రలోనే పూర్తి రూపంలో కనిపిస్తుంది. అరవై ఐదేళ్ల తర్వాత ఈశాన్య రాష్ట్రాలు చేసినది కూడా దాదాపు అదే. నాయుడు కెప్టెన్సీలో 1933 డిసెంబరులో బొంబాయిలో తన తొలి టెస్టులోనే సెంచరీ కొట్టిన లాలా అమర్‌నాథ్ కూడా, ఉత్తర భారతంలోని పలు జట్లకూ గుజరాత్‌కూ ఆడి, చివరి దశలో రైల్వేస్ తరఫున బరిలోకి దిగాడు.

ఢిల్లీ జట్టు సంగతికి వస్తే, బయటివారు ఇక్కడికి రావడమే తప్ప ఇక్కడివారు బయటికి పోవడం మొదట్లో అరుదు. 1968లో అమృత్‌సర్ నుంచి బిషన్ సింగ్ బేడీ, 1970లలో పంజాబ్ వైపు నుంచి మొహిందర్ అమర్‌నాథ్, మదన్‌లాల్, 1975లో మహారాష్ట్ర నుంచి చేతన్ చౌహాన్ వచ్చి చేరడంతో, అప్పటిదాకా ఒక్క ట్రోఫీ ఎరుగని ఢిల్లీ 1978-79, 1979-80, 1981-82లలో మూడుసార్లు చాంపియన్ అయింది. వీరిలో నిజానికి మలివయసు బదిలీ అనదగ్గది ఒక్క చౌహాన్‌దే, అది కూడా కొంత సాగదీసి చెబితేనే. ముప్పైకి చేరువవుతూ, టెస్టు జట్టులో చోటు పోగొట్టుకుని వచ్చిన ఆయనకు ఢిల్లీలో చేసిన పరుగులే మళ్లీ భారత జట్టు తలుపు తెరిచి, సునీల్ గవాస్కర్ పక్కన స్థిరమైన ఓపెనర్‌గా నిలబెట్టాయి. మారిన జట్టు ఆటగాడికి రెండో బతుకు ఇవ్వగలదని ఢిల్లీ మైదానాలకు తెలియజెప్పినవాడు ఆయనే.

ఎదురు ప్రవాహం మెల్లగా మొదలైంది. ఢిల్లీలో ఓపెనర్‌గా ఎదిగిన అరుణ్‌లాల్ 1980ల ఆరంభంలో బెంగాల్‌కు వెళ్లి, 1989-90 ఫైనల్‌లో ఈడెన్ గార్డెన్స్‌లో తన పాత జట్టు మీదే అజేయంగా 52 పరుగులు చేసి, యాభై ఏళ్లకు పైగా బెంగాల్ ఎదురుచూసిన ట్రోఫీని చేతికందించాడు. వానల వల్ల ఇన్నింగ్స్ పూర్తికాని ఆ మ్యాచ్‌లో కోల్పోయిన వికెట్లకు చేసిన పరుగుల నిష్పత్తిని చూసి విజేతను తేల్చారు. అప్పటికి ఆయన వయసు 34.

ఈ కథలో అన్నిటికంటే చీకటి పుట మీరట్‌లో పుట్టి ఢిల్లీకి ఆడిన రమణ్ లాంబాది. నాలుగు టెస్టులు, 32 వన్డేలతో అంతర్జాతీయ జీవితం ముగిసిపోయినా, 1994-95లో 35వ ఏట హిమాచల్ ప్రదేశ్ మీద 312 పరుగులు చేస్తూ, రవి సెహ్గల్‌తో కలిసి తొలి వికెట్‌కు 464 పరుగులు జోడించాడు. ఆనాటి దేశవాళీ క్రికెట్‌లో, అంటే అంతర్జాతీయ స్థాయికి దిగువన దేశం లోపల జరిగే పోటీల్లో, పెద్ద స్కోర్లకు పెద్ద డబ్బు దొరికేది కాదు. అందువల్ల వేసవిలో ఐర్లండ్ క్లబ్బులకూ, చలికాలంలో ఢాకా లీగ్‌కూ వెళ్లి ఆడడం భారత క్రికెటర్లలో కొందరికి అలవాటైంది. ఢాకాలో అబహానీ, మొహమెడన్ క్లబ్బుల మధ్య పోటీకి జనం విరగబడి వచ్చేవారు, విదేశీ ఆటగాళ్లకు అక్కడ మంచి గిరాకీ ఉండేది. 1998 ఫిబ్రవరి 20న మొహమెడన్ క్లబ్బుతో మ్యాచ్‌లో అబహానీ తరఫున హెల్మెట్ లేకుండా షార్ట్ లెగ్‌లో, అంటే బ్యాటర్‌కు అతి దగ్గరగా నిలబడిన లాంబా కణతకు మెహరాబ్ హుస్సేన్ కొట్టిన బంతి తగిలింది. మూడు రోజుల తర్వాత 38 ఏళ్ల వయసులో ఆయన మరణించాడు. ఆ మరణాన్ని భద్రతా లోపంగానే చరిత్ర గుర్తుపెట్టుకుంది. ఒక ట్రిపుల్ సెంచరీ వీరుణ్ని ఆ వయసులో పరాయి దేశపు క్లబ్బు మైదానానికి నడిపించిన ఆర్థిక పరిస్థితి ప్రస్తావన మాత్రం ఆ జ్ఞాపకంలో అంతగా కనిపించదు.

2000ల తర్వాత మలివయసు బదిలీ ఒక వ్యవస్థగా మారింది. ఆటగాడు తన మాతృసంఘం నుంచి, అంటే తాను నమోదైన రాష్ట్ర క్రికెట్ సంఘం నుంచి, నిరభ్యంతర పత్రం తెచ్చుకుంటే మరో రాష్ట్రం అతణ్ని బయటి ఆటగాడిగా చేర్చుకోవచ్చు. అలా వచ్చినవాణ్ని డ్రెస్సింగ్ రూముల్లో 'ప్రొఫెషనల్' అనీ, 'గెస్ట్ ప్లేయర్' అనీ పిలుస్తారు. ఒక జట్టులో ఇలాంటివారు ముగ్గురికి మించకూడదన్న పరిమితి వల్ల, చిన్న జట్లు ఆ మూడు స్థానాలను ఆచితూచి నింపుకుంటాయి. వారు వెతికేది రేపటి తారను కాదు, రోజంతా వికెట్ పారేసుకోకుండా నిలబడగలవాణ్ని, సాయంత్రం నెట్స్ దగ్గర కుర్రాడు నిలబడే తీరులో లోపం పట్టుకుని చెప్పగలవాణ్ని. ఇరవై ఏళ్లవాడికి పరిచయం లేని ఈ రెండు పనులూ ముప్పై అయిదేళ్లవాడికి చేతి అలవాటు.

దీని ఫలితం రాజస్థాన్‌లో చూడవచ్చు. 1960-61 నుంచి 1973-74 వరకు ఎనిమిది ఫైనళ్లలో ఓడి, తర్వాత కింది శ్రేణి అయిన ప్లేట్ గ్రూపుకు జారిపోయిన ఆ జట్టు, 2010-11లో ఢిల్లీ ఓపెనర్ ఆకాశ్ చోప్రాను, మహారాష్ట్ర నుంచి మధ్యప్రదేశ్ మీదుగా వచ్చిన హృషికేశ్ కానిట్కర్‌ను, ఒడిశాకు ఆడిన రశ్మీ రంజన్ పరిడాను తెచ్చుకుంది. చోప్రా 2007-08లో ఢిల్లీతో కలిసి ట్రోఫీ గెలిచినవాడే. పదేళ్లకు పైగా ఢిల్లీకి ఆడినా రాని ట్రిపుల్ సెంచరీ ఆయనకు నాసిక్‌లో మహారాష్ట్ర మీద, రాజస్థాన్ చొక్కాలో, 33వ ఏట వచ్చింది. ఆ సీజన్ తెలుగు పాఠకులకు వేరే కారణంతో గుర్తుంటుంది: జైపూర్‌లో రాజస్థాన్ కుర్ర బౌలర్ దీపక్ చాహర్ పది పరుగులకు ఎనిమిది వికెట్లు తీయగా హైదరాబాద్ 21 పరుగులకే కుప్పకూలింది, రంజీ చరిత్రలో అంతకంటే తక్కువ స్కోరు లేదు. అదే రాజస్థాన్ బరోడాను దాటి తొలిసారి చాంపియన్ అయి, మరుసటి ఏడాది చెన్నైలో తమిళనాడు మీద ఆ పట్టాన్ని నిలబెట్టుకుంది. చోప్రా ఆ తొలి విజయం గురించి ఒక పుస్తకమే రాశాడు. బంతితో మ్యాచ్‌లు గెలిపించినది చాహర్ వంటి స్థానిక యువకులే అయినా, వారికి బౌలింగ్ చేయడానికి సరిపడా పరుగులూ సమయమూ కూడబెట్టినది మాత్రం బయటి నుంచి వచ్చిన సీనియర్లు. కిరాయి సైనికులంటూ ప్రొఫెషనల్స్‌ను తేలికచేసి మాట్లాడే విమర్శకులకు ఈ రెండు ట్రోఫీలే చాలినంత జవాబు.

2015లో ఢిల్లీ నుంచి ఒకేసారి ఇద్దరు పెద్దలు కదిలారు. నజఫ్‌గఢ్‌లో, హర్యానా సరిహద్దుకు కూతవేటు దూరంలో పెరిగిన వీరేంద్ర సెహ్వాగ్ హర్యానాకు మారాడు. ఆ జట్టు సొంత మైదానాల్లో ఒకటి రోహ్‌తక్ దగ్గరి లాహ్లీలో, రాజధాని ప్రాంతం లోపలే ఉంది. అక్టోబరు 20న, తన 37వ పుట్టినరోజున, అంతర్జాతీయ క్రికెట్ నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించిన ఆయన, కొద్ది రోజులకే మైసూరులో కర్ణాటక మీద హర్యానా తరఫున 136 పరుగులు చేశాడు. రెండోవాడైన మిథున్ మన్హాస్‌ది అంతకంటే ఆసక్తికరమైన కథ. జమ్మూలో పుట్టి, యుక్తవయసులో ఢిల్లీకి వచ్చి, 1997-98 నుంచి పదిహేడేళ్లకు పైగా ఇక్కడ ఆడి, 157 ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లలో 9,714 పరుగులు చేసినా, తెండూల్కర్, ద్రవిడ్, గంగూలీ, లక్ష్మణ్ నిండిపోయిన కాలంలో మధ్యవరుస బ్యాటర్‌గా పుట్టిన పాపానికి ఒక్క టెస్టుకూ నోచుకోలేదు. చివరి సీజన్లలో ఆయన తన పుట్టినింటి జట్టు జమ్మూ కశ్మీర్‌కు తిరిగివెళ్లడం, అంతకుముందు బేడీ అదే జట్టుకు కోచ్‌గా పనిచేయడం, ఢిల్లీ అనుభవం ఉత్తరానికి ప్రవహించిన తీరును చూపుతాయి. ఆ బదిలీ ఆటతో ఆగలేదు: జమ్మూ కశ్మీర్ క్రికెట్ పాలనలోకి అడుగుపెట్టిన మన్హాస్ 2025 సెప్టెంబరులో భారత క్రికెట్ బోర్డు అధ్యక్షుడయ్యాడు.

ఇదే కాలంలో ఐపీఎల్ వేలం జట్టు మార్పును మామూలు విషయం చేసేసింది. ఢిల్లీ ఎడమచేతి పేసర్ ఆశిశ్ నెహ్రా ముంబై, ఢిల్లీ, పుణె, చెన్నై, చివరికి హైదరాబాద్ సన్‌రైజర్స్ అంటూ అయిదు జట్లు తిరిగినా, వాటిలో తన ఇష్టంతో ఎంచుకున్నవి ఎన్ని అన్న ప్రశ్నకు అర్థమే లేదు. వేలంలో ఆటగాడు వెళ్లడు, తీసుకోబడతాడు. రంజీ బదిలీలో ఆటగాడే దరఖాస్తు పెట్టుకుంటాడు గనుక, అందులో ఎంత చేదు ఉన్నా కొంత ఆత్మగౌరవం కూడా ఉంటుంది.

2018-19లో బిహార్, ఉత్తరాఖండ్, పుదుచ్చేరి, ఆరు ఈశాన్య రాష్ట్రాలు కలిపి తొమ్మిది జట్లు ఒక్కసారిగా రంజీలోకి వచ్చినప్పుడు, ప్రొఫెషనల్ స్థానాలు కూడా అమాంతం పెరిగాయి. తమిళనాడు, ఢిల్లీ, రాజస్థాన్ మీదుగా వచ్చిన రజత్ భాటియా 39వ ఏట ఉత్తరాఖండ్‌కు నాయకుడయ్యాడు. ఢిల్లీ వికెట్‌కీపర్ పునీత్ బిస్త్ మేఘాలయకు వెళ్లి సిక్కిం మీద 343 పరుగులు చేశాడు. ఆ సిక్కింకే, వీరికంటే చిన్నవాడైన ఢిల్లీ బ్యాటర్ మిలింద్ కుమార్ 1,331 పరుగులు చేసి ఆ సీజన్‌లో అందరికంటే ముందు నిలిచి, తర్వాత అమెరికా జట్టు దాకా సాగిపోయాడు. బౌలింగ్ బలహీనంగా ఉన్న ఆ శ్రేణిలో పరుగుల విలువ కొంత తగ్గించి చూడవలసిందే.

ఆ సీజన్‌లోనే, 2018 డిసెంబరులో, రంజీలో ఢిల్లీని ఎన్నడూ విడవని గౌతమ్ గంభీర్, ఢిల్లీ సొంత మైదానమైన ఫిరోజ్ షా కోట్లాలో తన చివరి మ్యాచ్ ఆడి 112 పరుగులు చేశాడు. ఎదురుగా ఉన్నది, అరవై ఐదేళ్ల కిందట సి.కె. నాయుడు నడిపించి రంజీకి పరిచయం చేసిన ఆంధ్ర జట్టు.