కప్పు మీద ఎవరి పేరు? (మన చరిత్ర – 14వ భాగం)



పోయిన ఆదివారం రావులపాలెంలో మా చదువు గుంపు కూర్చున్నప్పుడు, డిగ్రీ చదివే ఒక తమ్ముడు ఫోన్లో ఒక వార్త చూపించాడు. 2024 డిసెంబరులో సిడ్నీలో ఒక పాత టోపీని వేలం వేశారు. 1947–48లో మన జట్టు ఆస్ట్రేలియా వెళ్ళినప్పుడు డాన్ బ్రాడ్‌మన్ పెట్టుకున్న ఆకుపచ్చ టోపీ అది. రంగు వెలిసిపోయింది. పాట 3,90,000 ఆస్ట్రేలియా డాలర్ల దగ్గర ఆగింది. వేలం సంస్థ ఫీజు కలిపితే 4,79,700. మన లెక్కలో రెండున్నర కోట్ల పైమాటే. "పాత టోపీకి ఇంత డబ్బేంటన్నా? మా తాత తలపాగా ఎవడైనా కొంటాడా?" అన్నాడు వాడు. అందరం నవ్వాం. ఇంటికొచ్చాక మాత్రం ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఈ భాగం దాని మీదే.

వేలం మనకి కొత్తేం కాదు. రావులపాలెం అరటి మార్కెట్‌కి ఒక్కసారి వెళ్ళినా పాట అంటే ఏంటో తెలుస్తుంది. కర్పూర, చక్రకేళి, అమృతపాణి, బొంత గెలలు సైకిళ్ళ మీదా ఆటోల మీదా వచ్చి దిగుతాయి. కాయ చూసి, గెల చూసి ధర కడతారు. అక్కడ ధర గెలకి. ఎవరు నాటారు, ఎవరు నరికారు, ఏ జట్టు కూలీ భుజం మీద మోసి లారీకెక్కించాడు అని ఎవరూ అడగరు.

పాత వస్తువుల పాటలో లెక్క తిరగబడుతుంది. అక్కడ వస్తువు కంటే దాని వెనకున్న కథకే ధర. బాలాపూర్ లడ్డూ చూడండి. 1994లో 450 రూపాయలకి పాడారు. 2024లో 30 లక్షల ఒక వెయ్యికి పాడారు. శనగపిండి, పంచదారా అవే. మన చర్చిల్లో కోతపండగ వేలం గుర్తు తెచ్చుకోండి. గుమ్మడికాయ బజారులో ఎంతుంటే ఏం? "ఇది ఫలానా పెద్దమ్మ తన పెరట్లో మొదటి కాపు, దేవుడికి తెచ్చింది" అని పాస్టరుగారు చెప్పగానే పాట పైకి లేస్తుంది. ఆ ఒక్క మాటలో వేలం శాస్త్రం మొత్తం ఉంది.

పెద్ద వేలం సంస్థలు చేసేదీ అదే. ప్రతి వస్తువుకీ కేటలాగులో ఒక నంబరు ఇస్తారు. ఫోటో, వయసు, ఎక్కడ పాడైంది, అంచనా ధర రాస్తారు. అన్నిటికంటే ముఖ్యమైంది ఇంకోటి ఉంది. ఆ వస్తువు మొదట ఎవరిది, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చింది అనే రుజువు. ఒక ఉత్తరం, ఒక రసీదు, ఒక పాత ఫోటో. బ్రాడ్‌మన్ ఆ టోపీని భారత జట్టు మేనేజరు పంకజ్ గుప్తాకి బహుమతిగా ఇచ్చాడు అన్న కథ టోపీతో పాటే వేలానికి వచ్చింది. కథ ఉంటే అది చరిత్ర. లేకపోతే పాతగుడ్డ.

మరి ఆ రుజువులు ఎవరి ఇళ్ళలో ఉంటాయి? చదువు, బీరువా, తడవని కప్పు, మూడు తరాలుగా ఉన్న ఇల్లు ఉన్నవాళ్ళ దగ్గర.

ఇక్కడ పల్వంకర్ బాలూ గురించి చెప్పాలి. 1876లో ధార్వాడ్‌లో చమార్ కులంలో పుట్టాడు. పూనాలో ఒక పార్సీ క్లబ్బులో పిచ్ ఊడ్చి, రోలర్ లాగే పని. నెలకి మూడు రూపాయలు. తర్వాత తెల్లవాళ్ళ పూనా క్లబ్బులో నాలుగు రూపాయలు. వల కట్టాలి, గీతలు గీయాలి, దొరలకి గంటల తరబడి బంతులు వేయాలి. గ్రెగ్ అనే దొర తనని అవుట్ చేసిన ప్రతిసారీ ఎనిమిది అణాలు ఇచ్చేవాడని చెబుతారు. బంతి వేయమన్నారు గానీ, బ్యాట్ మాత్రం చేతికివ్వలేదు. బ్యాట్ పెద్దలది, బంతి పనివాడిది.

ఆ బౌలింగ్ కోసమే పూనా హిందూ జట్టు అతన్ని పిలిచింది. మైదానంలో అతను విసిరిన బంతినే అందరూ పట్టుకున్నారు. టీ వేళకి మాత్రం అతనికి పెవిలియన్ బయట, మట్టి ముంతలో. భోజనానికి వేరే బల్ల. 1906లో బొంబాయిలో హిందూ జట్టు తెల్లవాళ్ళ జట్టుని ఓడించింది. ఆ గెలుపులో బాలూ చెయ్యి పెద్దది. 1911లో పటియాలా మహారాజా కెప్టెన్‌గా మన జట్టు ఇంగ్లండు వెళ్ళింది. ఆ పర్యటనలో బాలూ తీసిన వికెట్లు 114. అయినా హిందూ జట్టుకి కెప్టెన్‌ని మాత్రం చేయలేదు. తమ్ముడు విఠల్‌కి ఆ కుర్చీ దక్కేసరికి 1923 వచ్చింది.

ఇంగ్లండు నుంచి వచ్చాక బొంబాయిలో మనవాళ్ళు బాలూకి సన్మానం చేశారు. ఆ సభకి మానపత్రం రాసింది అప్పటికి కాలేజీలో చదువుతున్న ఒక కుర్రాడు. పేరు భీమ్‌రావ్ అంబేద్కర్. రామచంద్ర గుహ 2002లో తెచ్చిన క్రికెట్ చరిత్రలో ఈ సంగతి ఉంది. తర్వాత ఇద్దరి దారులూ వేరయ్యాయి. 1932 పూనా ఒప్పందం నాడు బాలూ గాంధీ వైపు నిలబడ్డాడు. 1937 బొంబాయి ఎన్నికల్లో కాంగ్రెస్ టికెట్ మీద బాబాసాహెబ్ మీదే పోటీ చేసి ఓడిపోయాడు. ఇది మనం దాచక్కర్లేదు. మన చరిత్రని మనమే రాసుకుంటున్నాం కాబట్టి మొత్తం రాద్దాం.

ఇప్పుడు ఆలోచించండి. బ్రాడ్‌మన్ టోపీ రెండున్నర కోట్లయితే, ఒక అంటరాని బౌలర్ కోసం యువ అంబేద్కర్ రాసిన ఆ మానపత్రానికి ఎంత పాడాలి? నేనైతే దాన్ని పాటకి పెట్టనివ్వను. పాటకి పెట్టాలో వద్దో చెప్పే హక్కు ఉండాలంటే ముందు ఆ కాగితం మన చేతిలో ఉండాలి కదా.

అది ఎప్పటిదో అనకండి. 2021 టోక్యో ఒలింపిక్స్ అయ్యాక మన క్రీడాకారులు ప్రధానికి బహుమతిగా ఇచ్చిన వస్తువుల్ని ప్రభుత్వం ఆన్‌లైన్లో వేలం వేసింది. నీరజ్ చోప్రా ఈటె కోటిన్నర పలికింది. లవ్లీనా బాక్సింగ్ గ్లౌజులు 91 లక్షలు. డబ్బు గంగ ప్రక్షాళనకి అన్నారు, మంచిదే. అదే ఒలింపిక్స్‌లో హాకీలో హ్యాట్రిక్ కొట్టిన మొదటి భారత మహిళ వందనా కటారియా. సెమీఫైనల్లో జట్టు ఓడిన రోజు హరిద్వార్ దగ్గర ఆమె ఇంటి ముందు టపాసులు కాల్చి, కులం పేరుతో తిట్టారు. జట్టులో దళితులు ఎక్కువైపోయారు కాబట్టే ఓడిపోయారని అన్నారని ఆ కుటుంబం చెప్పింది. బాలూ మట్టి ముంతకీ ఈ టపాసులకీ మధ్య నూరేళ్ళ పైన గడిచాయి.

ఇంకో సంగతి. వేలంలో సంతకం పెట్టిన క్రికెట్ బంతికి విలువ సంతకానిది. ఆ బంతి తోలుది. చర్మం ఊనేదీ, కోసేదీ, దారంతో కుట్టేదీ ఎవరు? మీరట్ చుట్టుపక్కల ఆ పని చేసే వాళ్ళలో ఎక్కువమంది జాటవులు. బంతిని ముట్టుకున్న ఆటగాడి పేరు దాని మీద ఉంటుంది. బంతిని పుట్టించినవాడి పేరు ఉండదు.

ఎప్పుడూ ఇలాగే ఉందా అంటే, లేదు. అమరావతి స్తూపం దగ్గరికి రండి. దాదాపు రెండు వేల ఏళ్ళ కిందట ఆ స్తూపానికి రాతిపలకలు దానం చేసినవాళ్ళ పేర్లు ప్రాకృతంలో చెక్కి ఉన్నాయి. వాటిలో ఒక పేరు విధికుడు. వృత్తి చమ్మకార, అంటే చర్మకారుడు. ఉపాధ్యాయుడైన నాగుడి కొడుకు. తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకని దానమిచ్చాడు. అప్పటి చర్మకారుడి స్థితీ ఈనాటి కులమూ ఒకటే అని నేను అనను. కానీ తోలుపని చేసే మనిషి, తండ్రి ఉపాధ్యాయుడని చెప్పుకుని, తన పేరు రాతి మీద చెక్కించుకున్నాడు. ఎవరూ చెరపలేదు.

తర్వాత ఆ స్తూపం ఏమైంది? 18వ శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టడాల కోసం దాని రాళ్ళు తవ్వించాడు. 1845లో వాల్టర్ ఎలియట్ దొర మళ్ళీ తవ్వించి పలకల్ని మద్రాసుకి చేర్చాడు. అక్కణ్ణుంచి చాలా వాటిని లండన్‌కి ఓడెక్కించారు. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నవాటికి చాలాకాలం పేరు 'ఎలియట్ మార్బుల్స్'. పల్నాడు సున్నపురాయి అది, పాలరాయి కాదు. రాయి పేరూ తప్పే, మనిషి పేరూ తప్పే. దానమిచ్చినవాడి పేరు పోయి, ఎత్తుకెళ్ళినవాడి పేరు నిలిచింది.

1898లో పిప్రహ్వాలో బుద్ధుడి ధాతువులతో దొరికిన రత్నాల కథా అంతే. తవ్వించిన పెప్పే దొర వారసులు 2025 మేలో వాటిని హాంకాంగ్‌లో సోత్‌బీస్ వేలానికి పెట్టారు. బౌద్ధులు గొడవ చేశారు, భారత ప్రభుత్వం లీగల్ నోటీసు ఇచ్చింది, వేలం ఆగింది. జూలైలో గోద్రెజ్ సంస్థ ద్వారా రత్నాలు దేశానికి తిరిగొచ్చాయి. అడిగితే ఆగుతుంది అన్న పాఠం అందులో ఉంది. అడగాలంటే అది మనదని తెలియాలి.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా నాన్న పేట కబడ్డీ జట్టులో ఆడేవాడు. పక్క ఊళ్ళో పోటీ గెలిచి ఒక కప్పు తెచ్చారు. ఆట మధ్యలో దాహమేస్తే దోసిట్లో నీళ్ళు పోసేవారట, చెంబు ఇచ్చేవారు కాదట. 1986 ఆగస్టు గోదావరి వరదకి ఇల్లు మునిగింది. ఫోటో, సర్టిఫికెట్లు ముద్దయిపోయాయి. కప్పు మిగిలింది. కొన్నేళ్ళకి మా అమ్మ దాన్ని పాతసామాన్లవాడికేసి, తూకానికి ఒక స్టీలు గిన్నె తీసుకుంది. నేను అమ్మని తప్పు పట్టను. ఆ గిన్నెలో మాకు అన్నం పెట్టింది.

కానీ ఆ కప్పు మీద ఏం రాసి ఉందో నాకు బాగా గుర్తు. దాత తండ్రిగారి పేరు, 'జ్ఞాపకార్థం' అన్న మాట. అంతే. గెలిచిన ఏడుగురి పేర్లు లేవు. మా నాన్న గెలిచిన కప్పు మీద మా నాన్న లేడు. ఈ రోజు ఆ కప్పు ఎక్కడైనా దొరికినా అది ఆ దాత ఇంటి చరిత్రే అవుతుంది, మాది కాదు.

పేరు ఎంత బరువైందో ఈ జిల్లాకి వేరే చెప్పాలా? 2022 మే 24న అమలాపురంలో ఒక పేరు వద్దని ఒక మంత్రి ఇల్లూ ఒక ఎమ్మెల్యే ఇల్లూ తగలబెట్టారు. ఆ పేరే ఇప్పుడు మన జిల్లా బోర్డు మీద ఉంది. బోర్డు మీద పేరు నిలబెట్టుకున్నాం. ఇంట్లో ఉన్న వాటి మీద పేర్లు రాయడం మిగిలింది.

అందుకే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ వారం ఒక పని చేయండి. అటకెక్కండి. తాత డప్పు, నాన్న కబడ్డీ షీల్డు, అమ్మమ్మ రాత్రిబడి పలక, పేట జట్టు గ్రూపు ఫోటో, రాజమండ్రిలో కుసుమ ధర్మన్న నడిపిన 'జయభేరి' లాంటి పాత పత్రిక ముక్క, ఏదైనా సరే. ఫోటో తీయండి. వెనక పెన్సిలుతో రాయండి: ఎవరిది, ఏ ఊరు, ఏ సంవత్సరం, ఎవరు చెప్పారు. గ్రూపు ఫోటోలో ఎడమ నుంచి కుడికి ప్రతి ఒక్కరి పేరూ రాయండి. పెద్దవాళ్ళు బతికుండగానే వాళ్ళ మాట ఫోన్లో రికార్డు చేయండి. చూసిస్తానని ఎవరైనా అడిగితే నకలు ఇవ్వండి, అసలు ఇవ్వకండి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన పురావస్తువునీ, 75 ఏళ్ళు దాటిన విలువైన రాతప్రతినీ ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. వాటితో వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి. వీధిలో తిరిగి పాతవి కొనేవాడిని లైసెన్సు అడగండి.

తలపాగా ఎవడైనా కొంటాడా అని అడిగిన తమ్ముడికి నా జవాబు ఇది. కొనేవాడి సంగతి తర్వాత, ముందు ఆ తలపాగా ఎవరిదో రాసిపెట్టు. విధికుడు రాతి మీద రాయించుకున్నాడు. మనకి పెన్సిలు చాలు.

మా నాన్న జట్టులో ఇంకా ముగ్గురు బతికున్నారు. రేపు వాళ్ళ దగ్గరికి వెళ్తున్నాను. ఏడుగురి పేర్లూ వచ్చే భాగంలో రాస్తాను.

జై భీమ్.