న్యూ లానార్క్ మిల్లులో నమ్మకం ఎలా కుదిరింది?

1800లో స్కాట్లండ్‌లోని న్యూ లానార్క్ నూలు మిల్లు నిర్వహణ చేపట్టిన రాబర్ట్ ఓవెన్‌ను కార్మికులు కొన్నేళ్లు అనుమానంగానే చూశారు. అమెరికా ఎగుమతులు ఆపేయడంతో పత్తి కరువై యంత్రాలు నాలుగు నెలలు ఆగినా, ఆయన అందరికీ పూర్తి జీతాలిచ్చాడు. వాళ్ల మనసు గెలిచింది అప్పుడేనని స్వయంగా రాసుకున్నాడు. కానీ ఆ నమ్మకం నిలబడింది రోజువారీ పద్ధతుల వల్లనే. మిల్లు దుకాణంలో మంచి సరుకు చౌకగా దొరికేది. ప్రతి కార్మికుడి దగ్గరా నాలుగు రంగుల చెక్కముక్క వేలాడేది. ముందురోజు పని ఎలా సాగిందో తిట్లూ దెబ్బలూ లేకుండా ముందుకు తిప్పి ఉంచిన రంగే చెప్పేది.

ఇది నిఘా కాదా అంటే, నిఘానే. యజమానుల లాభానికీ పనికొచ్చింది. అయితే మేస్త్రీ తిప్పి పెట్టిన రంగు అన్యాయమనిపిస్తే కార్మికుడు నేరుగా ఓవెన్‌తోనే చెప్పుకునే వీలుండేది. పెత్తనం పోలేదు, దాన్ని ప్రశ్నించే దారి మాత్రం రోజూ తెరిచి ఉండేది. కష్టకాలపు ఔదార్యం కన్నా ఈ అలవాటే నమ్మకానికి గట్టి పునాది.